క్విల్టింగ్‌కు మిషను సూది

పై గుడ్డ, నడుమ దూది లేదా పాలియెస్టర్ పొర, అడుగు గుడ్డ – ఈ మూడింటినీ ఒకదానిపై ఒకటి పరిచి, అన్నిటినీ పట్టి ఉంచేలా కుట్టే పని క్విల్టింగ్. తెలుగు ఇళ్లలో పాత చీరలు మడతలు వేసి కుట్టే బొంత ఈ కుటుంబానికే చెందినది. పై గుడ్డను చిన్న ముక్కలు అతికి తయారు చేస్తే ఆ తొలి పనిని పీసింగ్ అంటారు. పీసింగ్‌లో సూది రెండు పొరల గుడ్డను మాత్రమే దాటుతుంది. క్విల్టింగ్‌లో మూడు పొరలనూ, అతుకులు కలిసే చోట మడిచిన అంచులతో కలిపి ఇంకా ఎక్కువ మందాన్నీ దాటుతుంది. రెండు పనులకూ ఒకే సూది చాలకపోవడం ఈ తేడా వల్లే.

సూది ఎంపిక మూడు అంశాల మీద ఆధారపడుతుంది. దారం లావును బట్టి బెజ్జం, గుడ్డ నేతను బట్టి మొన, పని తీరును బట్టి కాడ మందం నిర్ణయమవుతాయి. సూది పెట్టెల మీద ముద్రించే సంకేతాలు చాలావరకు ఈ మూడింటినే చెబుతాయి.

సూది నిర్మాణం

మిషను సూదికి బెజ్జం మొన దగ్గరే ఉంటుంది. చేతిసూదికీ దీనికీ ముఖ్యమైన తేడా ఇదే. మిషనులో బిగించే లావుపాటి పై భాగం షాంక్. ఇంటి మిషను సూదుల్లో షాంక్ ఒక వైపు చదునుగా ఉంటుంది కాబట్టి సూది తిరగబడకుండా కూర్చుంటుంది. పారిశ్రామిక మిషన్లలో, చాలా లాంగ్‌ఆర్మ్ మిషన్లలో (చూ. కింద) షాంక్ పూర్తిగా గుండ్రంగా ఉంటుంది. అక్కడ సూది ఏ దిక్కుకు తిరిగి ఉందో కుట్టేవారే చూసుకోవాలి.

షాంక్ కింద సన్నబడిన భాగం కాడ. దాని ముందు వైపు పై నుంచి బెజ్జం దాకా పొడవైన గాడి ఉంటుంది. సూది గుడ్డలో దిగేటప్పుడు దారం ఈ గాడిలో ఒదిగిపోయి రాపిడి నుంచి తప్పించుకుంటుంది. వెనుక వైపు బెజ్జానికి కాస్త పైన చెక్కినట్టుండే పల్లం ఉంటుంది. కింద తిరిగే కొక్కెం మొన సూదికి బాగా దగ్గరగా వచ్చి దారం ఉచ్చును అందుకోవడానికి ఈ పల్లమే చోటిస్తుంది.

సూదిని గట్టిపరచిన కార్బన్ ఉక్కుతో చేసి, నికెల్ లేదా క్రోమియం పూత వేస్తారు. బంగారు రంగులో మెరిసే సూదులకు టైటానియం నైట్రైడ్ పూత ఉంటుంది. ఆ పూత వల్ల ఉపరితలం గట్టిపడి మొన ఆలస్యంగా అరుగుతుంది. లోపలి ఉక్కు అదే కాబట్టి, వంగే స్వభావం మాత్రం తగ్గదు.

కుట్టు పడే తీరు (చూ. లాక్‌స్టిచ్, బాబిన్)

సూది అడుగు దాకా దిగి దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి లేవగానే, వెనుక వైపు దారం గుడ్డ రాపిడికి ఆగిపోయి చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కొక్కెం మొన ఉచ్చులోకి దూరి, దాన్ని కింది దారం చుట్టి ఉన్న బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పైనున్న లివరు మిగులు దారాన్ని లాగేస్తే పై దారం, కింది దారం గుడ్డ పొరల మధ్య ముడిపడతాయి. కొక్కేనికీ సూదికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు లోపే. సూది కాస్త వంగినా, మొన మొద్దుబారి గుడ్డను తనతో కిందికీ పైకీ లాగినా ఉచ్చు సరిగా ఏర్పడదు. అప్పుడు కుట్టు తప్పుతుంది.

సాధారణంగా లెక్కలోకి రాని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. దారంలోని ఒక భాగం కుట్టుగా స్థిరపడేలోపు బెజ్జం గుండా పదుల సార్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బెజ్జం ఇరుకైతే ఆ రాపిడంతా దారం మీదే పడి పీచు లేస్తుంది, తెగుతుంది. దారం తెగినప్పుడల్లా దారం బిగువును సరిచేసే టెన్షన్ స్క్రూ తిప్పే అలవాటు చాలామందికి ఉంది. ముందుగా చూడవలసింది మాత్రం బెజ్జాన్ని.

చరిత్ర

రెండు కొసలా మొన, వాటిలో ఒక మొన దగ్గరే బెజ్జం ఉన్న సూదికి 1755లో చార్లెస్ వైసెంతాల్ బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. థామస్ సెయింట్ 1790లో తోలు కుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే 1830 యంత్రం కొక్కెం ఉన్న సూదితో గొలుసు కుట్టు వేసేది. అమెరికాలో వాల్టర్ హంట్ 1830ల తొలి సంవత్సరాల్లోనే మొన దగ్గర బెజ్జం, కింద షటిల్ ఉన్న యంత్రం తయారు చేశాడు కానీ పేటెంటు తీసుకోలేదు. ఇలాంటి అమరికకే 1846లో ఎలియాస్ హోవే పేటెంటు దక్కించుకున్నాడు. హోవే యంత్రంలో సూది వంపు తిరిగి, అడ్డంగా కదిలేది. 1851లో ఐజాక్ సింగర్ యంత్రం నిటారు సూదిని నిలువుగా కదిలించింది. నేటి సూది ఆ అమరికకే వారసురాలు.

సూదుల తయారీలో జర్మనీ ముందుంది. ష్మెట్జ్ సంస్థ 1851లో, గ్రోజ్-బెకర్ట్ మూలసంస్థ 1852లో మొదలయ్యాయి. జపాన్‌లో ఆర్గాన్ సంస్థ 1920లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషను కంపెనీలు తమ తమ సూదులకు తమ తమ నంబర్లు పెట్టుకున్నాయి. ఒకే సూదికి ఇప్పటికీ మూడు నాలుగు పేర్లు ఉండటానికి కారణం అదే.

మిషను మీద క్విల్టింగ్ చాలాకాలం చేతిపని కంటే తక్కువదిగానే చెలామణి అయింది. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది వేళ అక్కడ క్విల్టింగ్‌కు మళ్లీ ఆదరణ పెరిగింది. నెబ్రాస్కా రైతు, ఇంజనీరు ఎర్నెస్ట్ హైట్ ఇంటి మిషను మీద పూర్తి దుప్పట్లు కుట్టే పద్ధతిని ప్రచారం చేశాడు. 1989లో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషను మీద కుట్టిన క్విల్టు అత్యుత్తమ బహుమతి గెలిచాక ఆ చిన్నచూపు తగ్గిపోయింది.

భారతదేశంలో ఈ పని బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజనీ, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌది పేర్లతో చేతికుట్టుగానే పెరిగింది. తెలుగు బొంతా అంతే. దబ్బనంతోనో పెద్ద చేతిసూదితోనో వరసగా దూర్చి వేసే పొడుగు కుట్టు దాని లక్షణం. ఉషా కుట్టుమిషన్లు 1930ల నుంచి దేశంలో తయారవుతున్నా బొంత మిషను కిందికి రావడానికి చాలా కాలం పట్టింది. మెత్తని పాత చీరల పొరలు మిషను ఫుట్ కింద జారిపోయి మడతలు పడటం ఇందుకు ఒక కారణం. ఇప్పుడు ఊళ్లలో టైలర్లు మిషను మీదే బొంతలు కుట్టి ఇస్తున్నారు.

కొలతలు, గుర్తులు

సూది పెట్టె మీద 90/14 లాంటి జంట అంకెలు కనిపిస్తాయి. మొదటిది మెట్రిక్ కొలత. కాడ మందాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 90 అంటే 0.90 మి.మీ. రెండోది సింగర్ పద్ధతి నంబరు. మన టైలర్లు వాడేది ఈ రెండో అంకెనే. 60/8, 65/9, 70/10, 75/11, 80/12, 90/14, 100/16, 110/18 వరస ప్రామాణికం. అంకె పెరిగితే సూది లావెక్కుతుంది.

ఇంటి మిషను సూదుల వ్యవస్థకు 130/705 హెచ్ అని పేరు. చదును షాంక్ ఉన్న ఇదే కొలత సూదులను 15×1 అనీ, హెచ్ఎ×1 అనీ కూడా అంటారు. చివరి హెచ్ అక్షరం వెనుక పల్లం ఉందని తెలుపుతుంది. దాని తరవాత వచ్చే అక్షరం సూది రకాన్ని చెబుతుంది. క్యూ అంటే క్విల్టింగ్, ఎమ్ అంటే మైక్రోటెక్స్, జె అంటే జీన్స్, ఇ అంటే ఎంబ్రాయిడరీ, ఎస్ అంటే స్ట్రెచ్. ష్మెట్జ్ సూదుల షాంక్ మీద రంగు గీతలు కూడా ఉంటాయి. పై గీత రకానికి, కింది గీత సైజుకు. క్విల్టింగ్‌కు ఆకుపచ్చ, మైక్రోటెక్స్‌కు ఊదా, జీన్స్‌కు నీలం, ఎంబ్రాయిడరీకి ఎరుపు. సాధారణ యూనివర్సల్ సూదికి రకాన్ని తెలిపే గీత ఉండదు. మిగతా కంపెనీల రంగులు వేరు కాబట్టి ఒక కంపెనీ గుర్తును మరొక దానికి అన్వయించకూడదు.

రకాలు

*యూనివర్సల్.* మొన కొద్దిగా గుండ్రం. అన్నిటికీ పనికొస్తుంది, దేనికీ ప్రత్యేకం కాదు. మామూలు కాటన్ గుడ్డల పీసింగ్‌కు 80/12 చక్కగా సరిపోతుంది.

*క్విల్టింగ్.* మొన దగ్గర కాడ క్రమంగా సన్నబడి ఉంటుంది. పొరల మీద పొరలు, అతుకుల దిమ్మలు ఉన్నచోట గుడ్డను చింపకుండా దారి చేసుకుంటూ దిగుతుంది. 75/11, 90/14 సైజుల్లో దొరుకుతుంది. పేరు చూసి ప్రతి క్విల్టుకూ ఇదే సరైనదనుకోవడం పొరపాటు. దీని బెజ్జం మామూలుదే. లావు దారం వాడితే ఇది ఒప్పుకోదు.

*మైక్రోటెక్స్.* అతి వాడి మొన, సన్నని కాడ. దట్టంగా నేసిన బాటిక్ గుడ్డలకూ, పట్టుకూ, ముక్కలు అంటించి చుట్టూ కుట్టే అప్లిక్ పనికీ ఇదే తగినది. దారపు పోగులను పక్కకు నెట్టకుండా సూటిగా దిగుతుంది కాబట్టి కుట్ల వరస తిన్నగా వస్తుంది. కొలతలో ఖచ్చితత్వం కోరే పీసింగ్‌కు 70/10 మైక్రోటెక్స్ యూనివర్సల్ కంటే మంచి ఫలితం ఇస్తుంది. వాడి మొన త్వరగా అరుగుతుందన్నదే దీని లోటు.

*టాప్‌స్టిచ్.* బెజ్జం చాలా పొడవు, గాడి లోతు, మొన వాడి. లావు కాటన్ దారం, మెరుపు దారం, తేలిగ్గా పీచు లేచే దారం దేన్నయినా మోస్తుంది. 80/12 నుంచి 100/16 దాకా సైజులు క్విల్టింగ్‌లో ఎక్కువ వాడుక. మిషను మీద క్విల్టింగ్ నేర్చుకునేవారు ఒకే రకం సూది కొనగలిగితే కొనవలసింది 90/14 టాప్‌స్టిచ్. దాని మీద పని నడవని దారాలు కొద్ది.

*జీన్స్.* కాడను బలపరచి, వంగకుండా చేస్తారు. డెనిమ్ ముక్కల క్విల్టులకూ, బ్యాగులకూ, చాలా మందమైన అతుకులకూ పనికొస్తుంది.

*ఎంబ్రాయిడరీ, మెటాలిక్.* రేయాన్, పాలియెస్టర్ మెరుపు దారాలకు మొదటిది, లోహపు పొర చుట్టిన దారాలకు రెండోది. రెండింటిలోనూ బెజ్జం పెద్దది, లోపలి అంచులు నునుపు.

స్ట్రెచ్, జెర్సీ సూదులకు మొన గుండ్రంగా ఉంటుంది. టీ-షర్టు ముక్కలతో చేసే క్విల్టులకు తప్ప వీటితో పనిలేదు. నేత గుడ్డ మీద ఇవి కుట్టును వంకర చేస్తాయి. తోలు సూది మొన కత్తిలా కోస్తుంది. నేత గుడ్డకు దాన్ని ఎప్పుడూ వాడకూడదు.

దారాన్ని బట్టి ఎంపిక (చూ. దారం: కొలమానాలు)

ఎంపిక దారం దగ్గర మొదలవ్వాలి. క్విల్టింగ్ దారాల మీద వెయిట్ అనే అంకె ఉంటుంది. అంకె పెరిగిన కొద్దీ దారం సన్నం. సూది నంబరుతో చూస్తే ఇది తలకిందులు. 50 వెయిట్ కాటన్ దారం పీసింగ్‌లో సర్వసాధారణం. దానికి 70/10 నుంచి 80/12 దాకా సూది చాలు. 40 వెయిట్‌కు 90/14, 30 వెయిట్‌కు 90/14 లేదా 100/16, అలంకారం కోసం వాడే లావు 12 వెయిట్‌కు 100/16 టాప్‌స్టిచ్ అవసరం. సన్నని పట్టుదారానికీ, కంటికి కనబడని నైలాన్ దారానికీ 60/8, 70/10 సరిపోతాయి.

సూదిని మిషనులో పెట్టకముందే ఒక పరీక్ష చేయవచ్చు. జానెడున్నర దారం సూదికి ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో బిగువుగా ఏటవాలుగా పట్టుకోవాలి. సూది తనంత తాను కిందికి జారితే బెజ్జం సరిపోయినట్టు. మధ్యలో ఆగితే పై సైజు తీసుకోవాలి. సూది మరీ పెద్దదైనా మంచిది కాదు. గుడ్డలో పడే పెద్ద రంధ్రాన్ని సన్నదారం పూడ్చలేదు. అడుగు దారం పైకి చుక్కల్లా కనబడుతుంది.

గుడ్డ, దూది

మంగళగిరి, పోచంపల్లి లాంటి చేనేత కాటన్ గుడ్డలను, పెడన కలంకారీ అద్దకపు గుడ్డలను 80/12 యూనివర్సల్‌తో ఇబ్బంది లేకుండా కుట్టవచ్చు. పట్టుచీర ముక్కలకు 60/8 లేదా 70/10 మైక్రోటెక్స్ కావాలి. లావు సూది పట్టు పోగును లాగి గీతలు పెడుతుంది, ఆ గీత ఇస్త్రీతో పోదు. జరీ అంచు మీద లోహపు పోగు సూది మొనను త్వరగా పాడుచేస్తుంది కాబట్టి అంచు కుట్టాక సూది మార్చి తీరాలి. సింథటిక్ చీరల బొంతలో కుట్లు తప్పుతుంటే తప్పు చాలాసార్లు మొద్దు సూదిది. అలాంటి చోట కొత్త మైక్రోటెక్స్ సూది వేసి చూడటం మేలు.

నడుమ పొర పాలియెస్టర్ అయితే మరో సమస్య వస్తుంది. మొద్దుబారిన సూది ఆ పీచును పై గుడ్డ మీదికి లాగి నూగులా తేలుస్తుంది. నల్ల గుడ్డ మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వాడి మొన దీన్ని తగ్గిస్తుంది. చేతికి మందంగా ఉండే దూది పొరకు 90/14 వాడతారు.

స్వేచ్ఛగా గుడ్డ కదిపే కుట్టు

ఫ్రీమోషన్ క్విల్టింగ్‌లో గుడ్డను ముందుకు జరిపే మిషను పళ్లను కిందికి దించి, కుట్టేవారే గుడ్డను చేతులతో తిప్పుతారు. పువ్వులు, ఆకులు, వంపులు ఇలాగే వస్తాయి. సూది గుడ్డలో ఉండగా చేయి కదిలితే సూది ఆ వైపు వంగుతుంది. వంగిన సూది కొక్కేనికి దూరమైతే కుట్టు తప్పుతుంది, దగ్గరైతే కొక్కేన్ని గీస్తుంది, పక్కకు పోతే సూది దిగే రంధ్రమున్న ప్లేటుకు తగిలి విరుగుతుంది. అందుకే పీసింగ్‌కు వాడిన సూది కంటే ఒక సైజు పెద్దది ఇక్కడ వాడతారు. 90/14 మొదలుపెట్టదగిన సైజు. సూది మార్చినా కుట్లు తప్పుతుంటే చేతి వేగానికీ మిషను వేగానికీ పొంతన కుదరలేదని అర్థం. ఒకే రంధ్రం ఉన్న నేరుకుట్టు ప్లేటు వేస్తే గుడ్డ రంధ్రంలోకి దిగిపోదు. కానీ ఆ ప్లేటు ఉండగా జిగ్‌జాగ్ కుట్టు పెడితే సూది విరగడం ఖాయం.

లాంగ్‌ఆర్మ్ మిషన్లు

వీటిలో గుడ్డను చట్రం మీద బిగించి, మిషను తలను అన్ని దిక్కులకూ నడుపుతారు. సూది మీద అన్ని వైపుల నుంచీ బలం పడుతుంది. అందుకని కాడను బలపరచిన గుండ్రటి షాంక్ సూదులు, ఎక్కువగా 16, 18 నంబర్లలో వాడతారు. గాడి ముందు వైపు సరిగ్గా తిరిగి ఉండాలి. కొద్దిగా పక్కకు తిరిగినా దారం పీచు లేస్తుంది. ఇంటి మిషను సూదులు సాధారణంగా వీటిలో పట్టవు.

లోపాలు, కారణాలు

కుట్టు తప్పడానికి ముఖ్య కారణాలు వంగిన సూది, మొద్దు సూది, పూర్తిగా పైకి ఎక్కించని సూది. దారం పీచు లేచి తెగితే బెజ్జం ఇరుకు, లేదా దాని అంచుకు గీత పడి ఉంటుంది. గుడ్డలో దిగేటప్పుడు టక్ టక్ మని శబ్దం వస్తే మొన పోయినట్టు. పోగులు లాగి గీతలు పడుతుంటే మొన వంకరపోయి ఉంటుంది. చదునైన బల్ల మీద షాంక్ చదును వైపు ఆనించి పెట్టి, కాడకూ బల్లకూ మధ్య వెలుగు సమంగా ఉందో లేదో చూస్తే సూది వంపు తెలుస్తుంది. మొనను గోటి మీద మెల్లగా లాగితే గీక్కునే చోటు కూడా తెలుస్తుంది. పొరలు పట్టేందుకు గుచ్చిన పిన్నుల మీదుగా కుట్టడం సూదికీ మిషనుకూ ప్రమాదం. పొరలు అంటించే జిగురు స్ప్రే బెజ్జం దగ్గర పేరుకుంటే స్పిరిట్ గుడ్డతో తుడవాలి, తుడిచినా పోకపోతే సూది మార్చాలి.

బిగింపు, మార్పు (చూ. కుట్టుమిషను: సంరక్షణ)

చాలా కొత్త ఇంటి మిషన్లలో చదును వైపు వెనక్కి ఉండాలి. పాత నల్ల మిషన్లలో దారం పక్క నుంచి ఎక్కుతుంది కాబట్టి చదును పక్కకు ఉంటుంది. రెండింటికీ ఒకటే సూత్రం: దారం పొడుగు గాడి ఉన్న వైపు నుంచి బెజ్జంలోకి దూరాలి, పల్లం కొక్కెం వైపు ఉండాలి. సూదిని ఆగేదాకా పైకి తోసి, అప్పుడే స్క్రూ బిగించాలి.

సూది విరిగేదాకా వాడటం మన టైలరింగ్‌లో సర్వసాధారణం. జాకెట్టు కుట్టేటప్పుడు అది పెద్దగా తెలియదు. మూడు పొరల మీద మాత్రం వెంటనే తెలుస్తుంది. దాదాపు 8 గంటల కుట్టుకు సూది మార్చాలని, పెద్ద పని మొదలుపెట్టే ప్రతిసారీ కొత్త సూది వేసుకోవాలని సాధారణ సూచన. టైటానియం పూత సూదులు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. వాడి తీసిన సూది ఇంకా పనికొచ్చేదైతే ఏ సైజో, ఏ రకమో రాసిన గుడ్డముక్కకు గుచ్చి ఉంచుకోవాలి. షాంక్ మీద చెక్కిన అంకె ఎంత చిన్నదంటే భూతద్దం లేకుండా చదవడం కష్టం. విరిగిన సూది ముక్కలను రెండిటినీ వెతికి తీయాలి. క్విల్టు లోపల ఇరుక్కున్న కొస తరవాత దాన్ని కప్పుకున్నవారికి గుచ్చుకుంటుంది. పాడైన, విరిగిన సూదులను మూత ఉన్న పాత మాత్రల డబ్బాలో వేసి, నిండాక మూసి పారేస్తే చెత్త ఎత్తేవారి చేతులకు గాయం కాదు.